మిద్దె మీద ఎండ, కింద మారుతున్న కోడు: అనంతపురం ప్రాజెక్టు డైరీ

పని ఇది. మిద్దె మీద పెట్టిన చిన్న సోలార్ ప్యానెల్ రీడింగులు చూసి, రాబోయే 15 నిమిషాల్లో సగటున ఎంత ఎండ పడుతుందో ముందే చెప్పాలి. చెప్పే సూత్రాన్ని మనిషి రాయడు. ప్రోగ్రామే రాసుకోవాలి, రాసినదాన్ని మార్చుకోవాలి, పోనుపోను ఆ మార్చే పద్ధతినీ మార్చుకోవాలి. 15 నిమిషాలే ఎందుకంటే మన దేశంలో గ్రిడ్ షెడ్యూలు నడిచేది ఆ లెక్కనే, రోజుకు 96 బ్లాకులు. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1000 మెగావాట్లది. అలాంటి చోట మబ్బు దాటితే వచ్చే తేడాకు ఆ బ్లాకుల్లోనే లెక్క చెప్పాలి. ఒక వాట్ ప్యానెల్‌కు ఆ తలనొప్పి లేదు, ఆకాశం మాత్రం అదే.

అనంతపురం ఈ పనికి బాగా కుదిరిన ఊరు. వాన తక్కువ, మబ్బు ఎక్కువ. జూన్, జూలైల్లో పడమటి గాలికి మబ్బులు ముక్కలు ముక్కలుగా పరుగెత్తుతాయి, కురవకుండానే పోతాయి. ఎండ వస్తూ పోతూ ఉంటుంది. వేరుశనగ వేసినవాళ్లను ఉసూరుమనిపించే ఆ రోజులే ఈ ప్రోగ్రాంకు పాఠాలు.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇలాంటి ప్రాజెక్టులో అందరి చూపూ మారే కోడు మీద ఉంటుంది. కాలం, కరెంటు, బుర్ర ఖర్చయ్యేది మాత్రం మారకూడని కోడు మీద. ఈ డైరీలో ఎక్కువ భాగం దాని గురించే.

రోహిణి కార్తె: సెన్సరు

రోళ్లు పగిలే ఎండలో బిగిస్తే సెన్సరు బలహీనతలన్నీ ఒకేసారి బయటపడతాయి. మొదలుపెట్టడానికి ఇదే మంచి సమయం.

కాంతి కొలవడానికి మామూలుగా ముందు చేతికొచ్చేది బీహెచ్1750 చిప్పు. ఇక్కడ పనికిరాదు. మామూలు సెట్టింగులో అది సుమారు 54,600 లక్సుల దగ్గర ఆగిపోతుంది. మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు దాటుతుంది. పొద్దెక్కినప్పటి నుంచి వాలేదాకా గ్రాఫు చదునుగా వస్తే, దాన్నుంచి నేర్చుకునే ప్రోగ్రాం అనంతపురానికి మబ్బే రాదనుకుంటుంది. పైన తెల్ల అక్రిలిక్ ముక్క పెట్టి వెలుగు తగ్గించవచ్చు గానీ, అది ఎండకు రంగు మారేకొద్దీ కొలతా జారుతుంది.

కాబట్టి 6 వోల్టుల, 1 వాట్ ప్యానెల్‌నే సెన్సరుగా వాడటం. దాని రెండు తీగలను దాదాపుగా షార్ట్ చేసి, పారే కరెంటును కొలవాలి. షార్ట్ సర్క్యూట్ కరెంటు పడే వెలుగుకు అనులోమంగా పెరుగుతుంది. వేడికి మారేది డిగ్రీకి సుమారు 0.05 శాతమే. కొలిచేది ఐఎన్ఏ219 మాడ్యూలు, దాని మీద 0.1 ఓమ్ షంటు (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న రెసిస్టరు) ఉంటుంది. నిండు ఎండలో 200 మిల్లీ ఆంపియర్లు వస్తే షంటు మీద పడేది 20 మిల్లీవోల్టులు. రేంజిని తప్పకుండా 40 మిల్లీవోల్టులకు మార్చుకోవాలి. అప్పుడు ఒక్కో మెట్టు 10 మైక్రోవోల్టులు, అంటే 0.1 మిల్లీ ఆంపియర్. నిండు ఎండ దాకా 2000 మెట్లు దొరుకుతాయి. చిప్పు పుట్టుకతో వచ్చే 320 మిల్లీవోల్టుల రేంజిలో వదిలేస్తే మెట్లు పెద్దవై పలచటి మబ్బు తేడా మాయమవుతుంది. 128 శాంపిళ్ల సగటు పెడితే రీడింగుకు 68 మిల్లీసెకన్లు పడుతుంది, 10 సెకన్లకొక రీడింగుకు అది లెక్కలోకి రాదు.

వైరింగు: ప్యానెల్ ప్లస్ తీగ మాడ్యూలు ప్లస్ ఇన్‌పుట్‌కు; మాడ్యూలు మైనస్ ఇన్‌పుట్, ప్యానెల్ మైనస్ రెండూ గ్రౌండుకు. తీగ నిడివికి భయపడక్కర్లేదు. తీగలో 0.3 ఓమ్ పోయినా 0.06 వోల్టు, 6 వోల్టుల ప్యానెల్ దాన్ని పట్టించుకోదు. ప్యానెల్‌ను బల్లపరుపుగా పెట్టాలి. కింద వచ్చే లెక్కంతా సమతలం మీద పడే ఎండకే.

ప్యానెల్ వీపుకు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు, 4.7 కిలో ఓమ్ పుల్ అప్ రెసిస్టరుతో. ఇది పవర్ వచ్చిన వెంటనే, కొలత పూర్తికాకముందే అడిగితే కచ్చితంగా 85 డిగ్రీలు చెబుతుంది. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్లు ఆగాలి. రోహిణి కార్తెలో ప్యానెల్ వీపు ఎంత కాలినా ఆ అంకెకు చేరదు. అందుకే సరిగ్గా 85.0 వచ్చిన వరసను పారేయవచ్చు.

టైముకు డీఎస్3231 గడియారం చిప్పు. కరెంటు పోతే రౌటరూ పోతుంది, నెట్ నుంచి టైము రాదు. బజారులో తక్కువ ధరకు దొరికే మాడ్యూళ్లలో చాలావాటికి బ్యాటరీని ఛార్జి చేసే డయోడు, రెసిస్టరు ఉంటాయి. మామూలు సీఆర్2032 బిళ్ల వేసేట్టయితే ఆ రెసిస్టరు పీకేయాలి, లేకపోతే ఛార్జి కాకూడని బిళ్లకు ఛార్జి ఎక్కుతూ ఉంటుంది. ఈఎస్పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు వీటన్నిటినీ చదివి, వరసకు 24 బైట్ల చొప్పున దాచుకుని, నెట్‌వర్కు ఉన్నప్పుడు కిందికి పంపుతుంది. 12 గంటల పగటికి 4,320 వరసలు, 100 కిలోబైట్ల పైచిలుకు. నెట్‌వర్కు రోజంతా లేకపోయినా బోర్డు మీది ఫ్లాష్‌లో హాయిగా పడుతుంది.

నీళ్ల ట్యాంకు నీడ ఏ కాలంలో ఎక్కడ పడుతుందో చూసుకోకుండా ప్యానెల్ బిగిస్తే, ప్రోగ్రాం మబ్బును వదిలేసి ట్యాంకును నేర్చుకుంటుంది. ఏ రోజైనా సాయంత్రం ఒకే వేళకు పడిపోయే రీడింగు కన్నా తేలికైన జోస్యం ఏముంటుంది? పైగా ఆ నీడ నెలనెలా జరుగుతుంది కాబట్టి నేర్చుకున్నది కూడా నిలవదు.

మృగశిర, ఆరుద్ర: గీటురాయి

మబ్బులు మొదలయ్యాయి. ప్రోగ్రాం రాసుకునే ప్రతి కొత్త సూత్రాన్నీ అభ్యర్థి అంటున్నాం. ఏ అభ్యర్థి ప్రోగ్రామైనా ముందు ఒక మొద్దు పద్ధతిని గెలవాలి.

ఆ పద్ధతి ఇలా. మబ్బు లేని ఆకాశంలో ఈ క్షణాన ఎంత ఎండ రావాలో హార్విట్జ్ సూత్రంతో కట్టాలి: సూర్యుడు నడినెత్తి నుంచి ఎంత కోణం వాలాడో దాని కొసైన్ తీసుకుని, 1098తో గుణించి, మైనస్ 0.059ని అదే కొసైన్‌తో భాగించగా వచ్చిన ఘాతానికి ఎత్తిన 'ఇ'తో మళ్లీ గుణించాలి. సరిగ్గా నడినెత్తిన ఉంటే చదరపు మీటరుకు 1035 వాట్లు వస్తుంది. అనంతపురం 14.68 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి సూర్యుడు నిజంగానే నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో మబ్బు లేకపోతే సెన్సరును సరిచూసుకోవచ్చు.

గడియారంలో 12 కొట్టినప్పుడు ఇక్కడ మిట్టమధ్యాహ్నం కాదు. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఊరు 77.6 దగ్గర ఉంది. 4.9 డిగ్రీల తేడాకు డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 19.6 నిమిషాలు. దీని మీద భూమి కక్ష్య, అక్షం వాలు వల్ల వచ్చే సవరణ ఉంటుంది: ఫిబ్రవరి నడుమ అసలు మధ్యాహ్నం 12.34 దాకా జరుగుతుంది, నవంబరు మొదట్లో 12.03కే వచ్చేస్తుంది. ఈ సవరణ వదిలేస్తే పొద్దున ఆకాశం ఎప్పుడూ కొంచెం మబ్బుగా, సాయంత్రం ఎప్పుడూ ఉండాల్సినదాని కన్నా తేటగా కనపడుతుంది. ప్రోగ్రాం తన శక్తినంతా ఆ అబద్ధాన్ని సరిదిద్దుకోవడానికే ఖర్చు చేస్తుంది.

కొలిచిన ఎండను కట్టిన ఎండతో భాగిస్తే తేటతనం అంకె వస్తుంది. 'ఇప్పుడున్న తేటతనమే 15 నిమిషాల తర్వాతా ఉంటుంది' అనుకుని, అప్పటి సూర్యుడి ఎత్తుతో గుణించి చెప్పడమే మొద్దు పద్ధతి. దీన్ని తక్కువ అంచనా వేయొద్దు. తేట రోజుల్లో దీన్ని గెలవడానికి మిగిలేదేమీ ఉండదు. గెలుపంతా విరిగిన మబ్బుల రోజుల్లోనే. ఆ అంకెను 1 దగ్గర కత్తిరించకూడదు కూడా. మబ్బు అంచు నుంచి చెదిరిన వెలుగు నేరు ఎండకు తోడైతే కాసేపు 1.2 దాటడం మామూలే. కత్తిరిస్తే మబ్బు రాబోతున్న గుర్తునే చెరిపేసినట్టు.

దుమ్ము పడి కరెంటు తగ్గడం ఇంకో సమస్య. ఆషాఢం గాలికి వారంలోనే తేడా తెలుస్తుంది. తుడిచిన రోజున అంకె ఒక్కసారి పైకి లేస్తుంది. అందుకే సూర్యుడి ఎత్తును 5 డిగ్రీల అరలుగా చేసి, ఒక్కో అరలో గత 20 రోజుల తేటతనంలో 95వ శాతం విలువను (నూటికి 95 రీడింగులు దాటని విలువను) 1గా పట్టుకోవడం. తుడిచిన తేదీలు వేరే ఫైల్లో రాసుకుని, ఆ తేదీ దగ్గర ఈ లెక్కను కొత్తగా మొదలుపెట్టాలి.

పునర్వసు నుంచి ఆశ్లేష దాకా: తీర్పరి

ఇక్కడ ఆగి నిదానంగా చేయాల్సిన పని. అభ్యర్థి ప్రోగ్రాములకు మార్కులు వేసే కోడును తీర్పరి అంటున్నాం. తనను తాను మార్చుకునే ఏ ప్రోగ్రామైనా ఆకాశంలో మబ్బును కనిపెట్టడానికి ముందే తీర్పరిలో కన్నాన్ని కనిపెడుతుంది. దానికి తెలివి అక్కర్లేదు. లక్ష మార్పుల్లో ఒకటి కన్నంలో పడితే చాలు, ఎంపిక దాన్నే నెత్తిన పెట్టుకుంటుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1980ల తొలి ఏళ్లలో కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ లెనాట్ రాసిన యూరిస్కోలో, తన నియమాలను తనే కనిపెట్టుకునే ఆ ప్రోగ్రాంలో, ఒక నియమం పుట్టింది: ఎక్కడ విలువైన కొత్త ఆలోచన కనపడినా దాని సృష్టికర్తల జాబితాలో తన పేరు చేర్చుకోవడం. ఆ నియమం విలువ ఊరికే పెరిగిపోయింది. చివరికి మిగతా వ్యవస్థ ముట్టుకోలేని చిన్న రక్షిత భాగాన్ని ఆయన పెట్టుకోవాల్సి వచ్చింది. అవిడా అనే కృత్రిమ జీవుల వ్యవస్థలో ఛార్లెస్ ఓఫ్రియా వేగంగా పిల్లలు పెట్టేవాటిని పరీక్షించి ఏరేయబోతే, అవి పరీక్ష వాతావరణాన్ని గుర్తుపట్టి అక్కడ మాత్రం చచ్చినట్టు నటించడం నేర్చాయి. 2024లో సకానా ఏఐ అనే కంపెనీ తయారుచేసిన 'ఏఐ సైంటిస్ట్' ప్రోగ్రాం, ప్రయోగం గడువు దాటుతుంటే కోడును వేగం చేసుకోకుండా గడువునే పొడిగించబోయింది.

మన మిద్దె మీది సరుకులో కన్నాలు ఇంతకన్నా చిన్నవి, కానీ అన్నీ ఇదే జాతి.

రాత్రి మార్కులు: రాత్రి ఎండ సున్నా అని ఎవరైనా చెబుతారు. 24 గంటలకూ మార్కులు వేస్తే సగం మార్కులు ఊరికే. సూర్యుడు దిగంతం నుంచి 10 డిగ్రీల పైన ఉన్న నిమిషాలే లెక్కలోకి తీసుకోవాలి. కాలాన్ని బట్టి రోజుకు సుమారు 575 నుంచి 680 నిమిషాలు వస్తాయి.

అంకె కాని అంకె: సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చే 'నాన్' విలువను దేనితోనైనా పెద్దదా, చిన్నదా, సమానమా అని పోల్చినా సమాధానం 'కాదు' అనే వస్తుంది. తీర్పరిలో 'తప్పు హద్దు దాటితే తీసేయ్' అని రాస్తే నాన్ హద్దు దాటదు, కాబట్టి పాసవుతుంది. ముందు పరిమిత సంఖ్యా కాదా అని అడిగి, తర్వాతే పోల్చాలి.

కష్టమైన ప్రశ్న వదిలేయడం: ఇది అన్నిటికన్నా జిత్తులమారి. అభ్యర్థి క్రాషైన వరసను తీర్పరి దాటవేసి మిగతావాటికి సగటు కడితే, మబ్బు వరసల్లో కావాలని క్రాషై తేట వరసలకే జవాబు చెప్పే ప్రోగ్రాములు పైకొస్తాయి. క్రాషైన వరసకు మొద్దు పద్ధతి తప్పుకు మూడింతలు వేస్తే ఆ దారి మూసుకుంటుంది.

జ్ఞాపకం: ఒకే ప్రాసెస్‌లో వరసగా మార్కులు వేస్తే ముందు చూసిన రోజుల జవాబులు ఎక్కడో ఒక జాబితాలో మిగిలిపోతాయి. ప్రతి అభ్యర్థికీ కొత్త ప్రాసెస్. రోజుల వరసను తారుమారు చేయాలి, ప్రతి రోజు మొదలయ్యే నిమిషం కూడా అటూ ఇటూ జరపాలి, లేకపోతే 'నాలుగో రోజు 212వ వరస' అని బట్టీ పట్టడం మొదలవుతుంది.

భవిష్యత్తు చూడటం: డేటా మొత్తాన్ని ఒకేసారి చేతికిస్తే సూచికలో ఒక మైనస్ గుర్తు చాలు, రేపటిని చదివేస్తుంది. అందుకే తీర్పరి పైపు (రెండు ప్రోగ్రాముల మధ్య డేటా నడిచే దారి) ద్వారా ఒక్కో నిమిషం వరసనే పంపుతుంది, జవాబు వచ్చాకే తర్వాతిది. పైథాన్‌లో ఇక్కడ ఇరుక్కునేది బఫరింగు దగ్గర: జవాబు రాసిన వెంటనే ఫ్లష్ చేయకపోతే, అంటే బఫరులో ఆగినదాన్ని బయటికి నెట్టకపోతే, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. మార్కులు మాత్రం అభ్యర్థి తాకలేని వేరే పైపులో వెళ్లాలి.

వేగం మార్కు: ఒకే తప్పు ఇచ్చే రెండు ప్రోగ్రాముల్లో తేలికైనదానికి మొగ్గు ఉండాలి. గడియారంతో కొలిస్తే అనంతపురం ఎండ తీర్పులో వేలు పెడుతుంది. మధ్యాహ్నం గది వేడెక్కి ప్రాసెసరు 95 డిగ్రీలకు చేరితే అది తన వేగం తనే తగ్గించుకుంటుంది. రాత్రి పరీక్ష రాసిన ప్రోగ్రాములన్నీ పగటివాటి కన్నా చురుకుగా కనపడతాయి. సెకన్లు కాకుండా అభ్యర్థి కోడును నడిపే మన ఇంటర్‌ప్రెటరు ఎన్ని మెట్లు వేసిందో లెక్కపెడితే ఈ గొడవ ఉండదు.

ఆపరేటింగ్ సిస్టం వైపు రక్షణ: తీర్పరి, డేటా ఒక లినక్స్ యూజర్ సొంతం, అభ్యర్థులు నడిచేది వేరే యూజర్ కింద, ప్రోగ్రాంను విడిగా బంధించే బబుల్‌ర్యాప్ లోపల, నెట్‌వర్కు లేకుండా, డిస్కు చదవడానికే. మెమరీ 256 మెగాబైట్లు, సీపీయూ సమయం 20 సెకన్లు. లెక్కల లైబ్రరీ నంపై వాడేట్టయితే దాని కింద నడిచే ఓపెన్‌బ్లాస్ థ్రెడ్లను ముందు 1కి తగ్గించాలి, లేకపోతే థ్రెడ్డుకింత చొప్పున వర్చువల్ మెమరీ అడిగి లెక్క మొదలవకముందే హద్దు తగిలి చస్తుంది. సింటాక్స్ ట్రీ చూసి దిగుమతులను, అండర్‌స్కోరుతో మొదలయ్యే పేర్లను నిషేధించడం మంచిదే. అదొక్కటే రక్షణ అనుకోవడం మాత్రం ప్రశ్నపత్రం, మార్కుల రిజిస్టరు రెండూ పిల్లల చేతికిచ్చి తలుపు దగ్గరికేసి వచ్చినట్టు.

మఖ, పుబ్బ: చెట్లు

అభ్యర్థి అంటే మూడు లెక్కల చెట్లు, అంటే కొమ్మలుగా విడదీసి రాసిన సూత్రాలు: పదింట తొమ్మిదిసార్లు ఎండ ఇంతకన్నా తగ్గదు అనే 10వ శాతం, నడిమి 50వ శాతం, పదింట తొమ్మిదిసార్లు ఇంతకన్నా పెరగదు అనే 90వ శాతం. మామూలుగా తప్పుల వర్గాల సగటుతో మార్కులేస్తే పిరికితనానికి బహుమతి ఇచ్చినట్టే. మబ్బు రోజున సగటు చెప్పి ఊరుకున్న ప్రోగ్రాం గెలుస్తుంది, ఎండ ఎగిరి పడటం ఎక్కడా కనపడదు. మూడు శాతాలకూ పిన్‌బాల్ తప్పు (ఎక్కువ చెప్పినదానికీ తక్కువ చెప్పినదానికీ ఆ శాతాన్ని బట్టి వేర్వేరు బరువుతో వేసే తప్పు) కట్టి కూడితే, 'ఇప్పుడు ఏమైనా జరగొచ్చు' అని ఒప్పుకునే ప్రోగ్రాంకు కూడా విలువ వస్తుంది.

చెట్టు కొమ్మల్లో ఉండేవి: కూడిక, తీసివేత, గుణకారం, పెద్దది, చిన్నది, 'కె' నిమిషాల కిందటి విలువ, 'కె' నిమిషాల సగటు, పాతదాన్ని మెల్లగా మరిచే సగటు. భాగహారం దగ్గర జాగ్రత్త. హారం సున్నా అయితే 1 ఇచ్చే పాతకాలపు రక్షిత భాగహారం సున్నా దగ్గర ఒక్కసారి తెగుతుంది, శిక్షణ రోజుల్లో కనపడని ఆ తెగుదల మబ్బు రోజున బయటపడుతుంది. హారం వర్గానికి 1 కలిపి దాని వర్గమూలంతో భాగిస్తే ఎక్కడా తెగదు.

జనాభా 200. ఐదుగురిని తీసి మంచిదాన్ని ఎంచే టోర్నమెంటు. సంకరం (రెండు చెట్ల కొమ్మలు కలపడం) 70 శాతం, మార్పు 25 శాతం, మిగతావి నకలు. లోతు 8కి మించకూడదు. ఒక్కో అభ్యర్థికి 12 రోజులు, రోజుకు 650 నిమిషాలనుకుంటే 7,800 జోస్యాలు. జోస్యానికి పైపుతో కలిపి 50 మైక్రోసెకన్లనుకుంటే 0.39 సెకను. తరం మొత్తం, అంటే 200 అభ్యర్థులూ, ఒక కోరు మీద 78 సెకన్లు, నాలుగు కోర్ల మీద 20 సెకన్లు. పాత ల్యాప్‌టాప్‌కు ఇది బరువు కాదు.

బరువయ్యేది చెట్లే. కొన్ని తరాలకు 'ఎక్స్ మైనస్ ఎక్స్' లాంటి సున్నాలు కట్టలు కట్టలుగా పెరుగుతాయి. ఇవి ఊరికే రావు: మార్పు తగిలితే పాడుకాని చోటు ఎంత ఎక్కువ ఉంటే ఆ చెట్టు పిల్లలు అంత క్షేమం. పొడవుకు మార్కులు కోస్తే ఎంత కోయాలన్న తగాదా వస్తుంది. తప్పు తేడా నూటికి అర శాతం లోపుంటే చిన్న చెట్టుదే గెలుపు అనే నియమం సరళంగా ఉండి బాగా పనిచేస్తుంది.

ఇంటర్‌ప్రెటరులో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. తీర్పు, మార్పు, సగటు అన్నీ చెల్లుతాయి. పొల్లు తర్వాత కీబోర్డు దూర్చే కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరం ఉంటే మాత్రం సింటాక్స్ ఎర్రరే. కంటికి ఏమీ కనపడదు కాబట్టి వెతకడం నరకం. అలాంటి పొల్లు లేని పేర్లు ఎంచుకోవడం సుఖం.

ఫలితంగా తిరిగి తిరిగి వచ్చేది ఒకే ఆకారం: గత గంటలో తేటతనం ఎంత ఊగిందో చూసుకుని, ఊగు ఎక్కువైతే ఇప్పటి విలువను నమ్మడం తగ్గించి గంట సగటు వైపు జరగడం. ఎండను చదివే మనిషి కూడా అదే చేస్తాడు.

హస్త, చిత్త: మార్చేదాన్ని మార్చడం

ఇప్పటిదాకా ఉన్నది మామూలు జెనెటిక్ ప్రోగ్రామింగే, 1990ల నుంచి ఉన్నదే. మార్పు చేసే ఆపరేటర్లను కూడా అదే చెట్ల భాషలోకి తెచ్చినప్పుడు అసలు కథ మొదలు. 'కొమ్మ ఎంచు', 'కొమ్మ మార్చు', 'ఇంకో చెట్టు నుంచి అంటు తీసుకో', 'కుదించు', 'అంకెను కదుపు' అనే ఐదు క్రియలు. వాటిని ఏ షరతుతో ఏ వరసలో వాడాలో ఆపరేటరు చెట్టు చెబుతుంది.

వెంటనే రెండు జబ్బులు వస్తాయి. మొదటిది, ఏమీ చేయని ఆపరేటరు గెలుస్తుంది. ఎక్కువ మార్పులు చెడువే, నకలు తీసేది ఎవరినీ చెడగొట్టదు, సగటున అదే మంచిదనిపించుకుంటుంది. మందు: పిల్ల చెట్టును 500 వరసల నమూనా మీద నడిపి జవాబుల హాష్ (వాటన్నిటినీ కుదించిన చిన్న గుర్తు) తీయాలి. తల్లి హాష్‌తో సమానమైతే ఆ ప్రయత్నం ఆపరేటరు ఖాతాలో ఖర్చుగా రాయాలి, రాబడి సున్నా. ఆపరేటరు విలువను సగటు పిల్లను బట్టి కాకుండా, తల్లిని మించిన పిల్లలు ఎన్ని అన్నదాన్ని బట్టి కట్టాలి.

రెండోది, మార్పు జోరు దానంతటదే సున్నాకు జారడం. అంకెల్ని కదిపే అడుగు కూడా ప్రోగ్రాం చేతిలోనే ఉంటే చిన్న అడుగులు వేసేవి క్షేమంగా బతుకుతాయి, కొన్నాళ్లకు అందరూ కదలకుండా నిలబడతారు. రెఖెన్‌బర్గ్ ఐదో వంతు నియమం దీనికే: ఐదింట ఒకటి కన్నా ఎక్కువ మార్పులు ఫలిస్తే అడుగు పెంచు, తక్కువైతే తగ్గించు. దాంతోపాటు ఒక నేల కావాలి. ఏ ఆపరేటరుకైనా కనీసం 5 శాతం అవకాశం, అడుగుకు కనీస పరిమాణం. ఈ రెండు అంకెలూ తీర్పరి దగ్గరే ఉంటాయి, ప్రోగ్రాంకు అందవు.

ఇంకా పైకి, ఆపరేటర్లను తయారుచేసే నియమాన్ని కూడా మార్చొచ్చు కదా? లెక్క వేస్తే ఆశ తగ్గుతుంది. ఆపరేటరు మంచిదో కాదో నిజంగా తేలాలంటే 30 తరాలు నడవాలి: 78 సెకన్ల చొప్పున 39 నిమిషాలు. అదృష్టం కాదని తేలడానికి 10 వేర్వేరు సీడ్లు (యాదృచ్ఛిక ఎంపికలను మొదలుపెట్టే అంకెలు): ఆరున్నర గంటలు. నియమాన్ని తూచాలంటే అది పుట్టించిన 20 ఆపరేటర్లను తూచాలి: 130 గంటలు, ఒక్క తీర్పుకు. నాలుగు కోర్ల మీద ఒక పగలూ రాత్రీ దాటి ఇంకో ఎనిమిదిన్నర గంటలు. ఆత్మ పరివర్తన అనే మాటకు ఉన్న మెరుపంతా ఇక్కడ కరెంటు బిల్లుగా మారుతుంది. రెండో మెట్టు దగ్గర ఆగడమే ఇంటి ప్రాజెక్టుకు తగిన పని.

ఆ ఓపికను వైవిధ్యం మీద పెడితే లాభం ఎక్కువ. ఒక్క విజేతను కాకుండా గళ్ల పట్టికను ఉంచుకోవడం, మ్యాప్ ఎలైట్స్ పద్ధతి: అడ్డంగా చెట్టు పరిమాణం 6 గళ్లు, నిలువుగా మబ్బు రోజు మార్కుకూ తేట రోజు మార్కుకూ ఉన్న తేడా 8 గళ్లు. ప్రతి గడిలో ఆ గడికి మేటి ఒక్కటి. హస్త, చిత్త కార్తెల ముసురు రోజుల్లో గెలిచేవి, ఆరుద్ర మబ్బుల్లో గెలిచినవి వేరు. ఒకే విజేతను ఉంచితే కాలం మారినప్పుడల్లా పాత చదువు కొట్టుకుపోతుంది.

స్వాతి: చిన్న భాషా మోడలు

700 కోట్ల పారామీటర్ల మోడలును 4 బిట్లకు కుదిస్తే 4 గిగాబైట్ల పైచిలుకు, 16 గిగాబైట్ల ర్యామ్‌లో పడుతుంది. లామా సీపీపీ అనే సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫిక్స్ కార్డు లేకుండా నెమ్మదిగా నడుస్తుంది. దీన్ని ఆరో ఆపరేటరుగా మాత్రమే వాడాలి: రెండు చెట్లు, వాటి మార్కులు ఇచ్చి మూడోది రాయమనడం. ఎక్కువ జవాబులు మన చెట్ల భాష వ్యాకరణం తప్పుతాయి. వ్యాకరణాన్ని బలవంతం చేసే సౌకర్యం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, అది పెట్టుకుంటే ఆ రొద పోతుంది. పోనిది ఇంకోటి: ఎన్నిసార్లు అడిగినా తనకు బాగా అలవాటైన మరిచే సగటునే తిప్పి తిప్పి ఇస్తుంది, పైన 'మెరుగుపరిచాను' అని వ్యాఖ్య రాస్తుంది. హాష్ పరీక్ష దీన్ని కూడా పట్టుకుంటుంది. రాత్రిపూట, మిగతా పనులు లేనప్పుడు నడిపితే సరిపోతుంది. ఖర్చుకు తగ్గ రాబడి ఇంతవరకు లేదు.

మార్గశిరం: నడుస్తున్నదాన్ని మార్చడం

ఆకాశం తేటగా ఉండి నేర్చుకోవడానికి ఏమీ లేని నెలల్లో ప్లంబింగు పని.

కొత్త వెర్షన్ పాతదాని పక్కన వారం నీడలా నడవాలి. జోస్యాలు రాసుకుంటుంది, ఎవరూ వాటిని వాడరు. వారం తర్వాత రోజుల వారీగా జతకట్టి తేడాలు తీయాలి. సగటు తేడా దాని ప్రామాణిక దోషానికి రెండింతలు దాటితేనే మార్పు. మార్గశిరంలో ఇది ఎప్పటికీ దాటదు, అందుకే మార్పులు మబ్బు కాలానికి వాయిదా పడతాయి. అదే మంచిది.

లాకరు రోజులు వేరే ఉంటాయి: ప్రతి నెలా చివరి 6 రోజుల డేటా ఏ అభ్యర్థికీ చూపరు. లాకరు చెప్పే జవాబు కూడా 'మెరుగు' లేదా 'కాదు' అనే ఒక్క మాటే. అంకె చెబితే ఆ అంకె చూసుకుంటూ ఎంపిక జరిగి, నాలుగు సార్లలో లాకరు కూడా శిక్షణ డేటా అయిపోతుంది.

కరెంటు కోతలు ఎప్పుడైనా రావచ్చు. పట్టికను నేరుగా తిరగరాస్తే సగంలో తెగుతుంది; పక్క ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్కు మీదికి నిజంగా చేరేలా చూసి), పేరు మార్చి పైకి తేవాలి. నడుస్తున్న వెర్షన్‌కు ఒక సింబాలిక్ లింకు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే పేరు), దాన్నీ పేరు మార్పుతోనే తిప్పాలి. ప్రోగ్రాం బతికుందో లేదో కనిపెట్టే సిస్టమ్‌డీ వాచ్‌డాగ్‌కు 5 నిమిషాల్లో చప్పుడు అందకపోతే లింకు పాతదానికి వెళ్తుంది. ప్రతి అభ్యర్థి పక్కన తల్లి హాష్, ఆపరేటరు పేరు, సీడ్, డేటా హాష్, తీర్పరి హాష్ రాయాలి. పైథాన్ హాష్ సీడ్‌ను 0కి కట్టేయకపోతే సెట్ల వరస పరుగు పరుగుకూ మారి, అదే సీడ్‌తో అదే చెట్టు రాదు. బగ్‌ను మళ్లీ పుట్టించలేకపోవడం కన్నా విసుగు ఇంకోటి లేదు.

తర్వాతి ముంగారుకు: రెండో సెన్సరు

ఒక్క బిందువు దగ్గర కొలిచినంత కాలం మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా తెలియదు. పక్క వీధి మిద్దె మీద ఇంకోటి పెడితే? 400 మీటర్ల దూరం, మబ్బు వేగం సెకనుకు 8 మీటర్లనుకుంటే 50 సెకన్ల ముందు కబురు. 15 నిమిషాలకు చాలాలంటే 7.2 కిలోమీటర్లు, అదీ గాలి వచ్చే పడమటి దిక్కున. మబ్బు ఇంతకన్నా జోరుగా కదిలితే దూరం ఇంకా పెరగాలి. కాబట్టి ఊరు దాటి పడమర పొలాల వైపు, బోరు మోటరు గది పైకప్పు లాంటి చోటు చూడాలి. కరెంటు రోజులో కొన్ని గంటలే ఉంటుంది కనుక దానికి వేరే 5 వాట్ల ప్యానెల్, లిథియం సెల్, తక్కువ కరెంటుతో దూరం పంపే లోరా రేడియో.

కోడు వైపు పని ఇంతకన్నా చిక్కు. కొత్త నిలువు వరస వస్తే పాత చెట్లు దాన్ని వాడవు, బాగానే నడుస్తాయి. పాత రోజులకు ఆ వరస ఖాళీ. ఖాళీని సున్నాతో నింపితే 'రెండో సెన్సరు సున్నా అంటే పాత సంవత్సరం' అని నేర్చుకుంటుంది. అందుకే ఉన్న రోజులకూ లేని రోజులకూ వేర్వేరు పట్టికలు, లాకరు కొత్తగా మొదటి నుంచి, తీర్పరి హాష్ కొత్తది. పాత పట్టికలోని మార్కులతో కొత్తవాటిని పోల్చే దారి కోడులోనే మూసేయాలి. మృగశిర లోపు లోరా దూర పరీక్ష అయిపోవాలి, గాలి మొదలయ్యాక స్తంభం ఎక్కి యాంటెనా బిగించడం కష్టం.